సున్నం గీతకి అవతలి గేదె

ఓట్లు లెక్కపెట్టిన రోజు పొద్దున ఎర్రదిబ్బపాలెం మీద ఆకాశం సగం సగంగా ఉంది. తూర్పున ఎండ కాస్తోంది, పడమట జల్లు పడుతోంది. నడిమధ్యన ఎటూ తేల్చుకోని మబ్బొకటి కదలకుండా నిలబడింది. మాలకొండయ్య గేదెకి కుడితి పెడుతూ ఒకసారి తలెత్తి చూశాడు. ఇది చేలకి మంచిదో చెడ్డదో ఆయనకి తోచలేదు. తోచినా ఎవరికీ చెప్పే రకం కాదు. మాట్లాడితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా అని ఊళ్ళోవాళ్ళు ఆయన్ని ఆటపట్టిస్తారు. దానికీ ఆయన బదులు చెప్పడు.

గేదెది తొలిచూలు. రెండేళ్ళు ఎదకొచ్చి నిలవక, మూడో ఏట నిలిచింది. నెలలు నిండాయి. పొదుగు దిగుతోంది. పాల సమాఖ్య పశువుల డాక్టరు మస్తాన్ వలి అంతకుముందు వారమే వచ్చి, మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసి, దూడ పెద్దదిగా ఉందనీ, తొలి కాన్పు గనక నొప్పులు మొదలవగానే తనకి కబురు పెట్టమనీ, తను వచ్చేదాకా ఎవరూ దాని జోలికి పోవద్దనీ మరీ మరీ చెప్పి వెళ్ళాడు. మాలకొండయ్య తలూపాడు. ఓటు నాడు మూత గుర్తు మీద ముద్ర వేసింది కూడా అందుకే. డాక్టరు సమాఖ్య మనిషి. సమాఖ్య పోతే డాక్టరూ పోతాడు. ఆయన రాజకీయం అంతవరకే.

మూత గుర్తు సంగతి చెప్పాలి. పదకొండూళ్ళు కలిసి ఒక పాల సమాఖ్య పెట్టుకున్నాయి. రెండు పూటలా పాలు కేంద్రానికి పోస్తే చాలు, దాణా, సూదిమందు, డాక్టరు, అన్నీ సమాఖ్యే చూసుకుంటుంది. ఇరవై ఏళ్ళు అలా గడిచాక ఒకనాడు సమాఖ్య నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. పాలబిందె మూతిలో వరిగడ్డి చుట్ట కుక్కి తెచ్చే పద్ధతి ఇకమీదట చెల్లదు, సమాఖ్య ఇచ్చే నీలం రంగు మూతలే బిగించాలి, అని. మిగతా పదూళ్ళ వాళ్ళూ మూతలు తీసుకుని బిగించుకున్నారు. ఎర్రదిబ్బపాలెంలో మాత్రం గొడ్డలి తగిలిన చెట్టు మాదిరి అయింది ఊరు. గడ్డిచుట్ట తాతల నాటిది. మెలి తిప్పడం తెలిసిన ఆడమనిషి చుట్టిన చుట్ట పెడితే బిందె నెత్తిన పెట్టుకుని రెండు కోసులు నడిచినా చుక్క తొణకదు. దాన్ని కాదనడానికి వాళ్ళెవరు అనేది ప్రశ్న.

ఆ ప్రశ్న పట్టుకుని లేచినవాడు చిన వెంగయ్య. ఆయనకి గొడ్డూ గోదా లేవు, మైకు ఉంది. ట్రాక్టరు ట్రక్కు పక్కన పెద్ద పెద్ద అక్షరాలతో, సమాఖ్యకి పోయే పాలతో ఊరంతటికీ రోజూ పాయసం, అని రాయించి నెల రోజులు వీధి వీధీ తిప్పాడు. సమాఖ్యలో ఉండాలా, బయటికి రావాలా అని ఊరు ఓటు వేసింది. ఉండాలన్నవాళ్ళకి గుర్తు మూత, రావాలన్నవాళ్ళకి గడ్డిచుట్ట. గడ్డికి మూడు వందల పదకొండు వచ్చాయి, మూతకి మూడు వందల ఎనిమిది. ఒకరు రెంటి మీదా ముద్ర వేశారు. ఊరు మొత్తంలో మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పింది ఆ ఒక్కరే అని తర్వాత చాలామంది అనుకున్నారు.

ఆ సాయంత్రం గడ్డివాళ్ళు డప్పులు కొట్టించారు. మూతవాళ్ళు తలుపులు వేసుకున్నారు. తెల్లారేసరికి పంచాయతీ ఆఫీసు ముందు బారు కట్టారు జనం. ఇంతకీ సమాఖ్య అంటే ఏందో, అందులోంచి వస్తే ఏమవుతుందో కాస్త చెప్పమని సెక్రటరీని అడగడానికి వచ్చారు. వాళ్ళలో సగంమంది గడ్డికి వేసినవాళ్ళే. గడ్డి ఎటూ గెలవదు గదా, సమాఖ్యవాళ్ళని కాస్త బెదరగొడదామని వేశామని ఇద్దరు ముగ్గురు గొణిగారు. సెక్రటరీకి కూడా తెలియదు. మధ్యాహ్నం చిన వెంగయ్య రచ్చబండ దగ్గర శాలువా కప్పించుకుని, ఊరికి విముక్తి వచ్చింది కాబట్టి తన బాధ్యత తీరిందనీ, ఇకమీదట నడిపించే పని వేరేవాళ్ళదనీ చెప్పి తప్పుకున్నాడు.

అప్పట్నుంచి ఊళ్ళో ఎవరి అమ్మమ్మ ఏ ఊరిదో వెతకడం మొదలైంది. పక్క ఊళ్ళో పుట్టిన అమ్మమ్మ గానీ నాయనమ్మ గానీ ఉంటే ఆ ఊరి లెక్కన సమాఖ్య కార్డు ఇస్తారని తేలింది మరి. చచ్చి ముప్పై ఏళ్ళయిన ముసలమ్మలకి పుట్టినూళ్ళు దొరికాయి. ఈ దోవన మొట్టమొదట కార్డు తెచ్చుకున్నది చిన వెంగయ్యే అని తెలిసింది. ఆయన్ని అడిగితే, అది మా అమ్మమ్మ మీద గౌరవం, దానికీ సిద్ధాంతానికీ సంబంధం లేదు అన్నాడట.

మూడో రోజున సమాఖ్య తరఫున నిష్క్రమణ ప్రత్యేకాధికారి దిగాడు. పేరు పరాంకుశరావు. సన్నగా, పొడుగ్గా, ఎండలో కూడా మెడదాకా బొత్తాలు పెట్టుకుని ఉండే మనిషి. ఎడబాటు ప్రక్రియను సుహృద్భావ వాతావరణంలో, కాలబద్ధంగా, ప్రజాభీష్టానికి తుచ తప్పకుండా నిర్వహించడానికే తాను నియుక్తుణ్ణయ్యానని ఆయన పలికితే జనం చప్పట్లు కొట్టారు. దేనికి కొట్టారో వాళ్ళకీ తెలియదు. ఆయన వెంట ఇద్దరు బంట్రోతులు, నాలుగు బస్తాల సున్నం.

మొదట ఊరి చుట్టూ గీత గీశారు. గీత పూర్తవకుండానే పై వీధివాళ్ళు అర్జీ పట్టుకొచ్చారు. తమ వీధిలో మూతకే ఎక్కువ ఓట్లు పడ్డాయి, ఊరు పోతే పోనీ, తమ వీధి సమాఖ్యలోనే ఉంటుంది, అని. పరాంకుశరావు కళ్ళజోడు తుడుచుకుని, స్వీయనిర్ణయమనేది ఊరికి ఒప్పయినప్పుడు వీధికి తప్పెలా అవుతుందని తనని తానే అడిగి, తప్పు కాదని తానే తేల్చాడు. పై వీధికి గీత పడింది. మర్నాడు కింది వీధిలోని మూత ఇళ్ళు అర్జీ పెట్టాయి. వీధికి ఒప్పయినది ఇంటికి తప్పెలా అవుతుంది. ఇళ్ళకి గీతలు పడ్డాయి. పొద్దున్నే ఆడవాళ్ళు కళ్ళాపి చల్లితే గీతలు పోయేవి. బంట్రోతులు వెనకే వచ్చి మళ్ళీ గీసేవాళ్ళు. నాలుగోనాటికి కళ్ళాపి కూడా అనుమతి కావలసిన పనుల జాబితాలో చేరింది.

టీకొట్టు రెండయింది. ఒక కుర్చీతో నడిచే మంగలి, పొద్దున మూతవాళ్ళకి, సాయంత్రం గడ్డివాళ్ళకి పని చేసేవాడు. ఒకనాడు సగం గడ్డం గీసేసరికి పన్నెండు కొట్టింది. ఆ సగం గడ్డం మనిషి పై వీధి కరణంగారి అల్లుడు. మర్నాడు పొద్దున దాకా చేత్తో మొహం కప్పుకుని తిరిగాడు.

మాలకొండయ్య ఇల్లు కింది వీధిలో ఉంది. ఆయనా, ఆయన భార్య అంకమ్మా, ఇద్దరే. బంట్రోతు వచ్చి, ఎవరు దేనికి వేశారో స్వచ్ఛందంగా, తప్పనిసరిగా ప్రకటించాలని కాగితం చేతిలో పెట్టాడు. ఆ కాగితం నింపేటప్పుడే మొగుడూ పెళ్ళాలకి ఒకరి సంగతి ఒకరికి తెలిసింది.

"గడ్డికేశావా?" అన్నాడు మాలకొండయ్య.

"మా అమ్మ నేర్పిన చుట్ట అది. పనికిరాదంటే నాకు మండదా. నువ్వో?"

"మూతకి."

"ఒక్క మాట చెప్పొచ్చుగా నాతో."

"అడగలేదుగా."

అంకమ్మ ఆయన వంక చూసి, మూతి విరిచి, నీతో కాపురం చెయ్యడం కన్నా గుంజకి మొగుడని పేరు పెట్టుకుంటే నయం, అదైనా గాలికి కిర్రుమంటుంది అంది. మాలకొండయ్యకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

ఒకటికొకటి సమానంగా పడ్డ ఇల్లు ఊళ్ళో అదొక్కటే. పరాంకుశరావుకి పండగయింది. దానికి సమతూక గృహం అని పేరు పెట్టి, స్వయంగా టేపు పట్టుకుని వచ్చి కొలిచాడు. రికార్డులు తిరగేస్తే ఇల్లు మాలకొండయ్య పేర ఉంది. పెరట్లో గొడ్లకొట్టం మాత్రం మహిళా సంఘం ద్వారా వచ్చింది గనక అంకమ్మ పేర ఉంది. ఇంకేం, దేవుడే విడగొట్టి పెట్టాడన్నాడు అధికారి. ఇల్లు సమాఖ్యలో ఉంటుంది. కొట్టం బయటికి పోతుంది. వంటింటి వెనక వసారాకీ, కొట్టానికీ మధ్య తెల్లగా గీత పడింది. సమాఖ్య సిబ్బంది మూత ఇళ్ళ మధ్య రాకపోకలు సాగించడానికి మురుగుకాలవ గట్టు వెంట రెండడుగుల వెడల్పున ఒక నడవా కూడా గీయించాడు.

గీసినవన్నీ చూశాక మాలకొండయ్య వసారా చివరికి నడిచి గీత దగ్గర ఆగాడు. గేదె కొట్టంలో ఉంది. డాక్టరు వసారా దాకా వస్తాడు. గీత మధ్యలో ఉంది.

ఆ రోజే అంకమ్మ కొంగు బిగించుకుని అధికారి దగ్గరికి పోయింది. నేను గడ్డికేసిన మాట నిజమే సారూ, ఇప్పుడు మూతకి మారతాను, ఆ కాగితం కొట్టేసి ఇంకోటి రాసుకోండి అంది. ఆయన లేచి నిలబడి, ప్రజాభీష్టం ఒక్కమారే వ్యక్తమవుతుందనీ, మళ్ళీ అడగడమంటే ప్రజలకు మొదటిసారి తెలివి లేదనడమేననీ, అంతటి అవమానం తాను ఆమెకు చేయలేననీ మృదువుగా చెప్పి పంపాడు. ఆమె ఇంటికొచ్చి, నాకు అవమానం జరక్కుండా కాపాడి పంపాడయ్యా మహానుభావుడు అని చెప్పి, మొహం తిప్పుకుని గేదెకి నీళ్ళు పెట్టింది.

మాలకొండయ్య తనకి తోచిన పని తను చేశాడు. గేదెని గీత దాటించి వసారాలో కట్టేద్దామని గుంజ పాతాడు. తాడు విప్పబోతుంటే బంట్రోతు పరిగెత్తుకొచ్చి అధికారిని పిలుచుకొచ్చాడు. అది దిగుమతి కిందకి వస్తుందన్నాడు పరాంకుశరావు. బయటి పశువు సమాఖ్య పరిధిలోకి రావాలంటే ఇరవై ఒక్క రోజులు విడిగా కట్టి ఉంచి, ఏ రోగమూ లేదని రాయించుకోవాలి. రాసేది ఎవరని అడిగితే, సమాఖ్య డాక్టరే. ఆయన దాన్ని చూడాలంటే అది ముందు సమాఖ్యలోకి రావాలి.

"ఆ లోపలే ఈనిద్ది సారూ," అన్నాడు మాలకొండయ్య.

అధికారి కాసేపు ఆలోచించాడు. ప్రసవాన్ని మూడు వారాలు వాయిదా వేసే వీలేమైనా ఉందా అని అడిగాడు. ఆయన ఎగతాళికి అడగలేదు. చేతిలో డైరీ తెరిచి పెట్టుకుని, తారీఖు రాసుకోవడానికి కలం పట్టుకుని మరీ అడిగాడు.

గేదెకి నొప్పులు మొదలైంది మరో నాలుగు రోజులకి, ఎండ నడినెత్తికి వచ్చే వేళ. మాలకొండయ్య పాలకేంద్రం దాకా పరుగెత్తాడు. మస్తాన్ వలి తింటున్న ముద్ద వదిలేసి లేచాడు. మోటారు సైకిలు ఆ రెండడుగుల నడవాలో నడపడానికి లేక, మురుగుకాలవ గట్టు మీద తోసుకుంటూ, రెండుసార్లు అందులో కాలు దిగబడి, చివరికి మందుల పెట్టె భుజానికెత్తుకుని వచ్చాడు. వచ్చేసరికి వసారాలో పరాంకుశరావు ఉన్నాడు. సమతూక గృహాన్ని రోజూ ఒకమారు తనిఖీ చేయడం ఆయన అలవాటు.

గేదె పడుకుని ఉంది. ఉమ్మనీరు పోయింది. ఒక కాలు మాత్రం బయటికి కనిపిస్తోంది. రెండో కాలు లేదు, మూతి లేదు. డాక్టరు అంత దూరం నుంచే చూసి, లోపల ఒక కాలు వెనక్కి ముడుచుకుపోయిందమ్మా, తల పక్కకి తిరిగిందో ఏమో, ఇప్పుడు సరిచెయ్యకపోతే కష్టం అని చెప్పులు విడిచాడు. గీత మీద అడుగు పెట్టబోయాడు.

"ఆగండి డాక్టరుగారూ," అన్నాడు పరాంకుశరావు. "వైద్యమనేది సేవ. సేవ హద్దు దాటాలంటే ఉభయపక్షాల లిఖితపూర్వక ఆమోదం తప్పనిసరి. మా పక్షాన నేను ఇప్పుడే సంతకం చేస్తాను. ఆలస్యం నా వల్ల జరిగిందనే మాట రాకూడదు."

అన్నట్టే మోకాలి మీద కాగితం పెట్టుకుని సంతకం చేశాడు. సంతకం అందంగా ఉంది. తర్వాత అవతలి పక్షం సంతకం ఏదని చుట్టూ చూశాడు. అవతలి పక్షానికి పెద్ద ఎవరూ లేరు. ఉన్న ఒక్కడూ శాలువా కప్పుకుని తప్పుకున్నాడు. కొత్తవాణ్ణి ఎన్నుకోవాలంటే పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

"అవతలి పక్షం నేనే సారూ," అంది అంకమ్మ. గేదె తోక పక్కకి పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. "ఈ కొట్టం నాది. ఆ కాగితం ఇటియ్యండి, వేలిముద్ర వేస్తా."

"అమ్మా, లబ్ధి పొందేవారే అనుమతి మంజూరు చేసుకోరాదు. అది స్వప్రయోజన దోషం."

డాక్టరు గీతకి ఇవతల గొంతుక్కూర్చుని, అంకమ్మకి చెప్పడం మొదలుపెట్టాడు. చేతికి నూనె రాసుకో. మెల్లిగా లోపలికి పో. ముడుచుకున్న కాలు వెతుక్కుంటూ పో. మోకాలు దొరికిందా. దొరికింది. దాన్ని వెనక్కి నెట్టు, గిట్ట చేతిలో మూసుకో, గర్భసంచి చిరగకూడదు. అంకమ్మ చెమటలు కక్కుతూ చెప్పినట్టే చేసింది. గిట్ట రెండుసార్లు చేతికి అంది జారిపోయింది. తాడు వేస్తేగానీ రాదన్నాడు డాక్టరు. తాడు ఆయన పెట్టెలో ఉంది. తీసి విసరబోతే, అది సమాఖ్య ఆస్తి, ఎగుమతి రిజిస్టరులో ఎక్కించాలి అన్నాడు అధికారి. రిజిస్టరు తెమ్మని బంట్రోతుని పంపాడు. బంట్రోతు నడవా వెంట నడిచే వెళ్ళాడు. పరిగెత్తితే గీత తొక్కుతానని భయం.

గేదె మెడ చాచి ఒక అరుపు అరిచింది. అంతదాకా నోరు మెదపని మాలకొండయ్య అధికారి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"సారూ," అన్నాడు. "గేదె ఎవరికీ ఓటు వెయ్యలేదు."

పరాంకుశరావు కలం ఆగింది. ఆ మాట ఆయన్ని నిజంగానే తాకింది. కాసేపు కొట్టంకేసి చూశాడు. నియమావళి తిరగేశాడు, ఒకమారు కాదు రెండుమార్లు. చివరికి డైరీలో, ఇది పరిశీలించదగ్గ అంశం, పై అధికారుల దృష్టికి తీసుకువెళ్ళవలసి ఉన్నది, అని రాసుకుని, రాసిన దాని కింద గీత గీశాడు.

మస్తాన్ వలి అప్పుడు లేచాడు. పెట్టె తీసుకుని గీత దాటాడు. ఆగమని ఎవరో అన్నారు. ఆయన వినలేదు, లేక విని కూడా వినలేదు. చొక్కా విప్పి, అంకమ్మని పక్కకి జరగమని, భుజం దాకా చెయ్యి పెట్టాడు. తాడు వేశాడు. మాలకొండయ్య పట్టుకున్నాడు. గేదె ముక్కినప్పుడల్లా లాగి, అది ఆగినప్పుడల్లా ఆగి, ఇద్దరూ దూడని కిందికి దించారు. మగదూడ కాదు, పెయ్య. నల్లగా, నిండుగా, నుదుటన తెల్లచుక్కతో ఉంది. డాక్టరు నోట్లో ముక్కులో జిగురు తీశాడు, వెనక కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తాడు, పక్కటెముకల మీద రుద్దాడు. గడ్డిపరక ముక్కులో పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. చివరికి దాన్ని మెల్లిగా గడ్డి మీద పడుకోబెట్టి, మాయ పడేదాకా గేదె దగ్గరే ఉండాలి, తల్లి బతుకుద్ది అన్నాడు.

గేదె తల తిప్పి దూడని నాకడం మొదలుపెట్టింది. దానికి ఎవరూ అడ్డం వెళ్ళలేదు.

బంట్రోతు రిజిస్టరు తెచ్చాడు. అధికారి దాన్ని అందుకున్నాడు, తెరిచాడు, ఏ గడిలో ఏం రాయాలో తోచక మూశాడు. నియమావళిలో దూడ ప్రస్తావన ఎక్కడా లేదు అని ఎవరికీ కాకుండా ఒక మాట అని వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి ఊళ్ళో కబురు పాకింది. మూతవాళ్ళు, గడ్డివాళ్ళ వల్లే దూడ పోయిందన్నారు. గడ్డివాళ్ళు, సమాఖ్య నియమాల వల్లే పోయింది, అందుకేగా మేం బయటికి పోదామన్నది అన్నారు. చిన వెంగయ్య మళ్ళీ మైకు దుమ్ము దులిపాడని చెప్పారు. చూసి పోదామని ఇంటిదాకా వచ్చింది మాత్రం మంగలి ఒక్కడే. అతను కొట్టం బయట కాసేపు నిలబడి, పార తీసుకుని మాలకొండయ్యతో పాటు చేలోకి పోయి గుంత తవ్వి వచ్చాడు.

మర్నాడు పొద్దున అంకమ్మ గేదె ముందు దాణా తట్ట పెట్టి, పొదుగు కింద కూర్చుంది. దూడ లేని గేదె చేపడం కష్టం. ఆమె పొదుగు నిమురుతూ, దాని చెవిలో ఏదో మాట్లాడుతూ చాలాసేపు కూర్చుంది. మాలకొండయ్య దూరంగా నిలబడ్డాడు. కాసేపటికి పసుప్పచ్చని చిక్కటి పాలు చెంబులో పడ్డాయి. దూడ తాగాల్సినవి. పారబొయ్యడానికి ఆమెకి చెయ్యి రాలేదు. బెల్లం దంచి, మిరియాలు నూరి, ఏలక్కాయ వేసి జున్ను వండింది.

మధ్యాహ్నానికి డాక్టరు గేదెకి సూది వెయ్యడానికి వచ్చాడు. ఆయన సూది వేసి చేతులు కడుక్కుంటుండగా పరాంకుశరావు వచ్చాడు. హద్దు అతిక్రమించినందుకు డాక్టరుకి ఇవ్వవలసిన మెమో కవరులో పెట్టుకుని, నడవా వెంట, మెడదాకా బొత్తాలతో వచ్చాడు. వసారాలోకి రాగానే ఏదో చెప్పబోయి గొంతు సవరించుకున్నాడు.

అంకమ్మ వంటింట్లోంచి నాలుగు పళ్ళేలు తెచ్చింది. ఒకటి మాలకొండయ్య ముందు పెట్టింది, ఒకటి డాక్టరు ముందు. మూడోది పరాంకుశరావు ముందు పెట్టి, ఆయన వంక చూడకుండా పీట వాల్చింది. ఆయన నిలబడే ఉన్నాడు. తర్వాత కవరు జేబులోకి తోసి, పీట మీద కూర్చున్నాడు. నాలుగోది ఆమె ఒళ్ళో పెట్టుకుంది.

జున్ను ఇంకా వేడిగా ఉంది. మస్తాన్ వలి తలొంచుకుని తిన్నాడు. పరాంకుశరావు మెడ దగ్గరి బొత్తాం ఒకటి విప్పుకుని, చిన్న చిన్న ముక్కలుగా తుంచుకుంటూ తిన్నాడు. మాలకొండయ్య పళ్ళెం ఖాళీ అయితే అంకమ్మ తన దాంట్లోంచి సగం తీసి ఆయనకి వేసింది.

కొట్టంలో గేదె దూడ కోసం అరిచింది. కాస్త ఆగి, మళ్ళీ అరిచింది. నలుగురూ పళ్ళేల్లోకి చూస్తూ తింటూనే ఉన్నారు.